కోతల కాలంలో జీవాల కడుపులో ఆమ్లం: మేత క్రమంతోనే నివారణ

జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో యాసంగి వరి కోతకు వచ్చేనాటికి గొర్రెల మందలు ఆకలితో ఉంటాయి. గట్ల మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. గుట్టల మీద మేత అడుగంటి ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో మడి వెంట మడి కోత యంత్రం పని ముగించుకొని పోతుంటే, దాని వెనుక పచ్చి మోడులు, వాటి మధ్య రాలిన వడ్లు మిగులుతాయి. ఊరి చివర కొనుగోలు కేంద్రంలోను, రోడ్ల పక్కన టార్పాలిన్ల మీదను వడ్ల రాశులు రోజుల తరబడి ఆరుతుంటాయి. నెలల తరబడి ఎండు పరకలు ఏరుకొని తిన్న మందకు ఒక్కసారిగా కడుపునిండా గింజ దొరికే కాలమిది. పెంపకందారుకు ఇది కలిసివచ్చిన కాలంగా కనిపిస్తుంది. పశువైద్యునికి మాత్రం ఇది ఆమ్ల అజీర్తి కాలం.

సాయంత్రం పొట్ట నిండుగా దొడ్డి చేరిన గొర్రె తెల్లవారేసరికి నెమరు మాని, పళ్లు కొరుకుతూ, తల వాల్చి నిలబడుతుంది. మధ్యాహ్నానికి పుల్లని వాసనతో పారుతుంది. కొన్ని జీవాలు ఆ రాత్రికే పడిపోతాయి. ఎవరో విషం పెట్టారనో, మందు కొట్టిన చేను మేసిందనో అనుమానాలు మొదలవుతాయి. చాలా సందర్భాలలో కారణం విషం కాదు. జీవం కడుపులోనే తయారైన ఆమ్లం. అది తయారు కావడానికి కారణం గింజ ఒక్కటే కాదు, ఆ గింజకు ముందు కడుపులో పీచు లేకపోవడం. ఈ రెండో విషయాన్ని గుర్తిస్తే నివారణ మందుల దుకాణంలో గాక, పెంపకందారుని దినచర్యలోను, రైతు పొలంలోను ఉందని తెలుస్తుంది.

మారిన సాగు, మారిన మేత

శాతవాహన నాణేలు లభించిన కోటిలింగాల ఈ మండలంలోనిదే. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో వ్యవసాయం, పశుపోషణ తరతరాలుగా కలిసి సాగాయి. గత కొన్ని దశాబ్దాలలో రెండింటి మధ్య పొత్తు మారింది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కింద మండలంలోని కొన్ని గ్రామాల భూములు మునిగాయి. మరోవైపు సాగునీటి వసతి పెరిగి వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి వేసే విస్తీర్ణం పెరిగింది. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పరిశోధనా స్థానం నుండి వచ్చిన జగిత్యాల సన్నాలు వంటి రకాలు రైతులకు సుపరిచితం. వరి పెరిగిన కొద్దీ బీడు తగ్గింది. బీడు తగ్గిన కొద్దీ మంద మేయడానికి మిగిలేది కోత తర్వాతి మోడుపొలమే.

ఇదే కాలంలో జీవాల సంఖ్యా పెరిగింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం రాయితీపై ఒక్కొక్క లబ్ధిదారునికి 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు గల యూనిట్ అందింది. 2019 పశుగణన నాటికి సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇరవై ఒక్క జీవాలున్న కుటుంబానికి ఒక్క రాత్రిలో మూడు గొర్రెలు పోవడమంటే పెట్టుబడిలో ఏడో వంతు పోవడమే. అందులో చూడి గొర్రెలుంటే నష్టం ఇంకా ఎక్కువ.

కోత విధానంలో వచ్చిన మార్పు ఇక్కడ కీలకమైనది. కూలీలు కొడవలితో కోసిన కాలంలో పనలు కల్లానికి చేరేవి. గింజ కల్లంలో మిగిలేది, గడ్డి వాముకెక్కేది. పొలంలో రాలే గింజ తక్కువ, ఇంట్లో నిలిచే గడ్డి ఎక్కువ. నేడు కోత యంత్రం గింజను ట్రాక్టరులో పోసి గడ్డిని మడిలోనే వదులుతుంది. తర్వాతి పంటకు తొందరపడే రైతు ఆ గడ్డిని తగలబెడతాడు. ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి వచ్చే పొలంలో 2 శాతం గింజ రాలిందనుకున్నా 50 కిలోల వడ్లు నేలపై ఉన్నట్లే. అంటే ఒకే మార్పు మంద ముందు గింజను పోసింది, మంద వెనుక ఉండవలసిన గడ్డివామును తీసివేసింది. ఆమ్ల అజీర్తికి కావలసిన రెండు పరిస్థితులూ ఈ విధంగా ఒకేసారి ఏర్పడ్డాయి.

కడుపులో జరిగేది

గొర్రె, మేక, ఆవు, గేదెల కడుపులో నాలుగు గదులున్నాయి. వాటిలో పెద్దది మొదటి గది, రూమెన్. ఇది కోట్లాది సూక్ష్మజీవులు నివసించే పులియబెట్టే తొట్టి వంటిది. పీచును అరిగించే సూక్ష్మజీవులు నెమ్మదిగా పనిచేసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారుచేస్తాయి. ఇవి బలహీనమైన ఆమ్లాలు. రూమెన్ గోడ వీటిని పీల్చుకొని జీవానికి శక్తిగా అందిస్తుంది. గడ్డి ప్రధానంగా తినే జీవంలో రూమెన్ ఉదజని సూచిక 6 నుండి 7 మధ్య నిలకడగా ఉంటుంది.

ఈ నిలకడకు కాపలాదారు లాలాజలం. అందులోని బైకార్బొనేట్, ఫాస్ఫేట్ లవణాలు ఆమ్లాన్ని తటస్థీకరిస్తాయి. పెద్ద ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలాన్ని స్రవిస్తుంది. అయితే లాలాజలం ఎక్కువగా ఊరేది నమిలినప్పుడు, మరీ ముఖ్యంగా నెమరు వేసినప్పుడు. పొడవైన పీచు రూమెన్ గోడను గోకినప్పుడే నెమరు వస్తుంది. గింజకు, పిండికి, మెత్తని తవుడుకు ఆ గుణం లేదు. కాబట్టి గడ్డిని కేవలం తక్కువ పోషకాలున్న మేతగా లెక్కించడం పొరపాటు. జీవం తన కడుపుకు తానే మందు తయారుచేసుకొనే సాధనం గడ్డి.

అలవాటులేని జీవం ఎక్కువ గింజ తిన్నప్పుడు పిండిపదార్థం వేగంగా పులుస్తుంది. స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా కొద్ది గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఇది మామూలుగా ఏర్పడే ఆమ్లాల కన్నా సుమారు పది రెట్లు బలమైనది. ఉదజని సూచిక 5కు చేరువవుతుంటే పీచును అరిగించే సూక్ష్మజీవులు, ప్రోటోజోవా చనిపోతాయి. ఆ స్థితిని తట్టుకొనే లాక్టోబాసిల్లస్ జాతులు పెరిగి ఆమ్లాన్ని మరింత పెంచుతాయి. రూమెన్ కదలిక ఆగిపోతుంది. లోపలి ద్రవం చిక్కబడి రక్తం నుండి నీటిని లాగుకొంటుంది. అందువల్లనే పొట్ట నీళ్లతో గలగలలాడుతున్నా జీవం కళ్లు లోతుకుపోయి, శరీరంలో నీరు తగ్గిన లక్షణాలు కనిపిస్తాయి.

ఆమ్లం రూమెన్ లోపలి పొరను కాలుస్తుంది. పొర ఊడి పుండ్లు పడతాయి. ఆ పుండ్ల ద్వారా ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం వంటి సూక్ష్మజీవులు రక్తంలో చేరి కాలేయంలో చీముగడ్డలు కలిగిస్తాయి. మొదటి దెబ్బకు బ్రతికి బయటపడిన జీవం నెలల తర్వాత కూడా మేత సరిగా తినక, బరువు పెరగక చిక్కిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. చచ్చిన జీవాలను మాత్రమే లెక్కించే పెంపకందారుకు ఈ నష్టం లెక్కలోకి రాదు.

ఆకలిగొన్న మందకే ముప్పు ఎక్కువ

పశువైద్య గ్రంథాల ప్రకారం బాగా పోషణలో ఉన్న గొర్రెలో ప్రాణాపాయం కలిగించే నలిగిన ధాన్యం మోతాదు కిలో శరీర బరువుకు 75 నుండి 80 గ్రాములు. పోషణ లోపించిన గొర్రెలో అది 50 నుండి 60 గ్రాములే. అంటే 30 కిలోల బరువున్న గొర్రె బాగా మేసినదైతే సుమారు 2.3 కిలోల వరకు తట్టుకొంటుంది, చిక్కినదైతే 1.5 కిలోలకే ప్రమాదంలో పడుతుంది. ఊక ఉన్న వడ్ల కన్నా నలిగిన మక్కలు, నూకలు, వండిన అన్నం ఇంకా త్వరగా పులుస్తాయి. ప్రాణం తీయని మోతాదులు కూడా పుండ్లకు, అజీర్తికి దారితీస్తాయి కాబట్టి ఈ అంకెలను భద్రతా పరిమితులుగా భావించరాదు. ఇవి చెప్పే అసలు సంగతి ఒక్కటే: ఒకే మోడుపొలంలో ఒకే గంట మేసిన రెండు మందలలో ఆకలితో వచ్చిన మందకే నష్టం జరుగుతుంది.

ఈ ముప్పు కోతలకే పరిమితం కాదు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నాన్ని గేదెకు, మేకకు గంపలకొద్దీ పెట్టడం, చౌకగా దొరికిన బియ్యాన్ని వండి పాడిగేదెకు పోయడం, మక్కచేలో మిగిలిన కంకుల మీదికి మందను తోలడం ఈ ప్రాంతంలో సాధారణంగా కనిపించేవే. పాడిగేదెలో తవుడు, నూకలు ఎక్కువై గడ్డి తగ్గితే తీవ్రమైన లక్షణాలేవీ కనిపించకుండానే పాలలో వెన్న శాతం పడిపోతుంది, పేడ పలచబడుతుంది, కాలక్రమంలో గిట్టలు నొప్పెడతాయి. ఇది దీర్ఘకాలిక ఆమ్లత్వానికి గుర్తు.

గుర్రం చెప్పే పాఠం

నెమరు వేయని గుర్రంలో కూడా ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. గుర్రపు జీర్ణాశయం చిన్నది. అది మేత ఉన్నా లేకున్నా రాత్రింబవళ్లు ఆమ్లాన్ని స్రవిస్తూనే ఉంటుంది. జీర్ణాశయపు పై భాగానికి జిగురుపొర రక్షణ ఉండదు. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో ఎక్కువ గంటలు కొద్దికొద్దిగా మేస్తూ, లాలాజలంతో ఆ ఆమ్లాన్ని తటస్థీకరించుకొంటుంది. రోజుకు రెండుపూటలా దాణా పెట్టి మిగతా సమయమంతా కట్టివేసిన గుర్రంలో ఈ రక్షణ పోతుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలలో అత్యధిక శాతం కడుపు పుండ్లతో ఉంటాయని వివిధ దేశాల పరిశోధనలు చూపాయి. కరీంనగర్, జగిత్యాల పట్టణాలలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రాలకూ గంటల తరబడి మేత అందకపోతే ఇదే ముప్పు పొంచి ఉంటుంది.

గుర్రానికి రోజుకు శరీర బరువులో కనీసం 1.5 శాతం పొడి పదార్థం గడ్డి రూపంలో అందాలని, మేత లేకుండా ఆరు గంటలకు మించి ఉంచరాదని, దాణా ద్వారా అందే పిండిపదార్థం ఒక పూటకు కిలో బరువుకు ఒక గ్రామును, రోజుకు రెండు గ్రాములను దాటరాదని నిపుణులు సూచిస్తారు. కాల్షియం, మాంసకృత్తులు అధికంగా ఉన్న లూసర్న్ గడ్డి ఆమ్లాన్ని తగ్గించడంలో మేలైనది. పనికి ముందు కొంత గడ్డి తినిపిస్తే అది జీర్ణాశయంలో పరుపులా ఏర్పడి ఆమ్లం పైకి చిందకుండా ఆపుతుంది. గుర్రానికి పనికి ముందు గడ్డి ఎంత అవసరమో, గొర్రెకు మోడుపొలానికి ముందు గడ్డి అంతే అవసరం.

దినచర్యలో చేయవలసిన మార్పులు

• కోతల కాలంలో ఉదయం మందను దొడ్డి నుండి వదలడానికి ముందు ప్రతి గొర్రెకు సుమారు అరకిలో ఎండు వరిగడ్డి లేదా జొన్నచొప్ప తినిపించాలి. ఆకలి తీరిన గొర్రె గింజను ఆబగా మింగదు.

• కొత్తగా కోసిన మడిలోకి మొదటిరోజు అరగంటకు మించి వదలరాదు. తర్వాత రోజుకు కొంత చొప్పున పెంచుతూ రెండు వారాలలో పూర్తి మేతకు తేవాలి. రూమెన్‌లోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడడానికి రెండు నుండి మూడు వారాలు పడుతుంది.

• గింజ ఎక్కువగా రాలిన మూలలు, యంత్రం తిరిగిన మలుపులు, ధాన్యం నింపిన చోట్లు ముందుగానే గుర్తించి అక్కడి వడ్లను ఊడ్చి ఎత్తాలి.

• రాత్రివేళ దొడ్డి తడికెలు గట్టిగా ఉండాలి. ఆరబోసిన రాశుల చుట్టూ వల లేదా ముళ్లకంప వేయడం ధాన్యం యజమానికీ, మంద యజమానికీ ఇద్దరికీ మేలు.

• పొట్టేళ్లకు, పాలిచ్చే గొర్రెలకు దాణా మొదలుపెట్టేటప్పుడు రోజుకు 50 గ్రాములతో ప్రారంభించి రెండు మూడు వారాలలో 200 నుండి 250 గ్రాములకు పెంచాలి. దానిని రెండుపూటలుగా విభజించి, గడ్డి తిన్న తర్వాతే పెట్టాలి.

• మిగిలిన అన్నం పెట్టక తప్పనప్పుడు చారెడుతో సరిపెట్టి, చొప్ప ముక్కలతో కలిపి ఇవ్వాలి. పులిసిన అన్నం అసలే పెట్టరాదు.

• శుభ్రమైన నీరు రోజంతా అందుబాటులో ఉండాలి. దప్పికతో ఉన్న మంద మేత సరిగా నమలదు.

పొలంలో నివారణ

పై సూచనలలో మొదటిది అమలు కావాలంటే ఇంట్లో గడ్డి ఉండాలి. ఈ సమస్య పశువైద్యుని పరిధి దాటి సేద్య శాస్త్రవేత్త పరిధిలోకి వచ్చేది ఇక్కడే. ఇరవై ఒక్క గొర్రెలకు రోజుకు అరకిలో చొప్పున నెలరోజులకు కావలసిన ఎండుగడ్డి సుమారు 3.2 క్వింటాళ్లు. వరిలో గింజ ఎంత వస్తుందో గడ్డి కూడా దాదాపు అంతే వస్తుంది. అంటే ఎకరం వరిగడ్డిలో ఆరో వంతు లేదా ఏడో వంతు దాచినా ఒక యూనిట్ మంద కోతల నెలను సురక్షితంగా దాటుతుంది. తగలబెట్టే గడ్డిలో ఈ కొద్ది భాగాన్ని కట్టలు కట్టే యంత్రంతో మోపులుగా చేయించి గొర్రెల పెంపకందారుకు ఇస్తే, బదులుగా మంద ఎరువు రైతు పొలానికి చేరుతుంది. పొలంలో మందను నిలిపే పాత ఒప్పందమే ఇది. అందులో గడ్డిని కూడా చేర్చడమే కొత్తదనం.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుండి 4 శాతమే. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మాగవేస్తే జీర్ణత, మాంసకృత్తులు పెరుగుతాయి. మాగిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు పిల్లలకు పెట్టరాదు. యూరియా నీటిని జీవాలు తాగకుండా జాగ్రత్త వహించాలి.

గట్ల మీద, బావుల చుట్టూ, చిన్న చెలకలలో పచ్చిమేత పెంచుకోవచ్చు. దశరథ గడ్డిగా పిలిచే హెడ్జ్ లూసర్న్ ఒకసారి విత్తితే కొన్నేళ్లు నిలుస్తుంది. మొదటి కోత 90 రోజులకు, తర్వాత సుమారు 40 రోజులకు ఒకసారి కోతకు వస్తుంది. అవిసె, సుబాబుల్ గట్ల మీదికి అనుకూలం. సుబాబుల్‌లో మైమోసిన్ అనే పదార్థం ఉన్నందున అది మొత్తం మేతలో మూడో వంతుకు మించరాదు. యాసంగి పంట వేయని వరి మడులలో కోతకు ముందే పిల్లిపెసర చల్లితే మిగిలిన తేమతో పెరిగి, మేతగానూ భూసారంగానూ ఉపయోగపడుతుంది. లేత పప్పుజాతి మేతను తడిగా, ఖాళీ కడుపున పెడితే పొట్ట ఉబ్బుతుంది కాబట్టి వాడ్చి, ఎండుగడ్డితో కలిపి పెట్టాలి.

గుర్తించడం, మొదటి సాయం

లక్షణాలు సాధారణంగా గింజ తిన్న 6 నుండి 24 గంటలలో కనిపిస్తాయి. మేత, నెమరు మానడం, పళ్లు కొరకడం, ఎడమ డొక్క నిండుగా ఉండడం, పుల్లని వాసనగల పలుచని విరేచనం, తూలుతూ నడవడం, చివరకు లేవలేకపోవడం ముఖ్యమైనవి. చిటుకు వ్యాధిలో కూడా బలమైన జీవాలు ఎక్కువ మేత తిన్న తర్వాత ఆకస్మికంగా చనిపోతాయి. అందువల్ల ఈ రెండింటి మధ్య పొరపాటు జరుగుతుంది. తొలకరికి ముందు చిటుకు టీకా తప్పక వేయించాలి. అయితే ఆ టీకా ఆమ్ల అజీర్తిని ఆపదన్న విషయం పెంపకందారుకు విడమరచి చెప్పాలి. టీకా వేయించిన ధైర్యంతో మందను రాశుల మధ్యకు వదిలితే నష్టం తప్పదు.

జీవాలు గింజ తిన్నాయని తెలియగానే, లక్షణాల కోసం వేచి చూడకుండా వాటిని గింజ నుండి వేరుచేయాలి. ఎండుగడ్డి మాత్రమే పెట్టి నెమ్మదిగా నడిపించాలి. తొట్టెడు నీరు ఒక్కసారిగా తాగనివ్వక కొద్దికొద్దిగా ఇవ్వాలి. వంటసోడా, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వంటివి ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మోతాదును, సెలైన్ అవసరాన్ని పశువైద్యుడే నిర్ణయించాలి. తూలుతున్న జీవానికి బలవంతంగా ద్రవాలు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. సమీప పశువైద్యశాలకు గాని, 1962 సంచార పశువైద్య సేవకు గాని వెంటనే తెలపాలి.

విస్తరణ కార్యకర్తల ముందున్న పని

జగిత్యాల జిల్లాలో ఈ సమస్యను ఎదుర్కొనేందుకు కావలసిన నైపుణ్యం దగ్గరలోనే ఉంది. పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధనా స్థానం, కోరుట్లలో పశువైద్య కళాశాల, పొరుగున సిరిసిల్లలో మరో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఒకరు వరి గురించి, మరొకరు గొర్రె గురించి విడివిడిగా మాట్లాడినంతకాలం మోడుపొలం ఎవరి సలహాకూ అందని చోటుగా మిగులుతుంది. కోతలకు నెలరోజుల ముందే వరి రైతులను, గొల్లకురుమ పెంపకందారులను ఒకే సమావేశానికి పిలిచి గడ్డి నిల్వ, మంద ప్రవేశం, రాశుల కాపలా గురించి గ్రామస్థాయిలో ఒప్పందం కుదిర్చడం ఉపయోగకరం. గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్లే విద్యార్థులు కోత తర్వాత చదరపు మీటరుకు రాలిన గింజలను లెక్కించి ఎకరాకు ఎన్ని కిలోలవుతుందో రైతుకు చూపవచ్చు. ఆ అంకె యంత్రం నడిపేవారికి నష్టాన్ని, మందను కాచేవారికి ముప్పును ఒకేసారి తెలుపుతుంది.

మందను కాచేవారి అనుభవాన్ని కూడా గౌరవించాలి. ఏ మడిలో ఎంతసేపు మేపాలో, ఏ గొర్రె ఆబగా తింటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారికి లేనిది జ్ఞానం కాదు, కోతల నెలలో దొడ్డి పక్కన ఉండవలసిన గడ్డి. మూడు క్వింటాళ్ల గడ్డిని మంటల నుండి తప్పించి దొడ్డికి చేర్చగలిగితే ఇరవై ఒక్క జీవాలున్న ఒక కుటుంబానికి ఆ ఏడాది కోతలు నష్టం లేకుండా గడిచిపోతాయి.